ఒకే స్పీకరు, రెండు అవసరాలు

కంప్యూటర్‌లో పాట వినడం ఇవాళ ఎవరూ గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. మీట నొక్కితే పాట వస్తుంది. మధ్యలో వీడియో కాల్ వస్తే పాట ఆగకుండానే ఆ మోత కూడా వినిపిస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం అటు మళ్లుతుంది. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉండే లైనక్స్‌లో ఈ మాత్రం సౌకర్యం కుదురుకోవడానికి ఇంచుమించు ముప్పై ఏళ్లు పట్టింది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ సర్వర్లలో, సూపర్ కంప్యూటర్లలో తిరుగులేనిదైంది. బల్ల మీది కంప్యూటర్‌లో శబ్దం దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలాకాలం తడబడింది. దీనికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. పెద్దదిక్కు లేదు, ఎవరికి తోచింది వాళ్లు రాశారు, అందుకే అన్ని వ్యవస్థలు, అంత గందరగోళం అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. అయితే చరిత్రను వరసగా చూస్తే ఆ తడబాటుకు మూలం శబ్దం స్వభావంలోనే ఉందని నాకనిపిస్తుంది. ఒకే స్పీకరు మీద రెండు వేర్వేరు అవసరాలు పోటీపడతాయి. ఆ రెండింటినీ విడివిడిగా సాధించినవాళ్ల పని తెరిచి ఉండబట్టే చివరికి అవి ఒకచోట కలిశాయి. ఇవాళ్టి ప్రసంగంలో ఈ సంగతిని ఆధారాలతో మీ ముందు పెడతాను.

ముందు ఆ రెండు అవసరాలేమిటో చూద్దాం. కంప్యూటర్‌కు శబ్దమంటే అంకెల వరస. సాధారణంగా సెకనుకు 48,000 అంకెలు, ఒక్కో స్పీకరుకు. సౌండ్ కార్డు ఆ అంకెలను ఒకే వేగంతో తీసుకుని అలలుగా మారుస్తూ పోతుంది. అది ఎవరికోసమూ ఆగదు. ప్రాసెసర్ మాత్రం ఒక్క పనికే అంటిపెట్టుకుని ఉండలేదు. కాసేపు డిస్కు చూడాలి, కాసేపు తెర గీయాలి, కాసేపు నెట్‌వర్క్ సంగతి చూడాలి. అందుకే మధ్యలో బఫర్ అనే చిన్న నిల్వ ఉంటుంది. మేడ మీది నీళ్ల ట్యాంకు లాంటిదే అది. మోటారు అప్పుడప్పుడే నడిచినా కుళాయిలో ధార తెగదు. 1,024 అంకెల బఫర్ అయితే 21 మిల్లీసెకన్లకు సరిపడా శబ్దం అందులో ఉంటుంది. ఆలోపు మళ్లీ నింపకపోతే స్పీకర్లో టక్కుమని శబ్దం తెగుతుంది. మరి పెద్ద బఫర్ పెట్టుకుంటే పోదా అంటే, సినిమా చూసేవారికి పోతుంది. వారికి కావలసింది పంచుకోవడం: నాలుగైదు ప్రోగ్రాముల శబ్దాలు ఒకే స్పీకర్లో కలిసి వినిపించాలి, బ్యాటరీ ఎక్కువ తినకూడదు. కానీ కీబోర్డు మీద స్వరం నొక్కే వాద్యకారుడికి వేలు పడిన మరుక్షణం స్వరం పలకాలి. ఇరవై, ముప్పై మిల్లీసెకన్లు ఆలస్యమైనా లయ చేతికి చిక్కదు. ఆయనకు 64 అంకెల బఫర్ కావాలి, అంటే మిల్లీసెకనున్నర కూడా లేని వ్యవధి. ఒకరికి పంపకం ముఖ్యం, ఇంకొకరికి సమయం ముఖ్యం. ఒకరికి మేలు చేసే అమరిక రెండోవారికి చేటు చేస్తుంది.

1992లో ఈ చిక్కులేవీ ఎవరి దృష్టిలోనూ లేవు. అప్పటి ఆరాటమంతా సౌండ్ బ్లాస్టర్ కార్డుతో ఏదో ఒకటి పలికించడమే. ఫిన్లండ్‌కు చెందిన హన్ను సావోలైనెన్ ఆ పని చేశారు. కార్డును నడపడానికి ఆయన రాసిన డ్రైవరే తర్వాత ఓపెన్ సౌండ్ సిస్టం, క్లుప్తంగా ఓఎస్ఎస్ అయింది. దాని పద్ధతి లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ సంప్రదాయానికి అచ్చంగా సరిపోయింది. అక్కడ ప్రతి పరికరమూ ఒక ఫైలు. డెవ్ అనే డైరెక్టరీలో డీఎస్‌పీ అనే ఫైలు ఉండేది. అందులో ఏం రాస్తే అది స్పీకర్లో మోగేది. శబ్దంతో సంబంధం లేని ఏ ఫైలునైనా అందులోకి మళ్లిస్తే, దాన్ని కూడా సెకనుకు 8,000 అంకెల శబ్దంగా భావించి గరగరమని వినిపించేది. ప్రోగ్రాం రాసేవారికి ఇంతకన్నా తేలిక ఇంకేముంటుంది? ఫైలు తెరవడం, రాయడం, మూయడం వస్తే చాలు. అయితే ఆ తేలికలోనే ఒక ఇబ్బంది ఉంది. చాలా కార్డులలో ఆ ఫైలును ఒకసారి ఒక్క ప్రోగ్రామే తెరవగలిగేది. పాట మోగుతుండగా రెండో ప్రోగ్రాం తెరవబోతే పరికరం ఖాళీగా లేదన్న సమాధానమే వచ్చేది. పంచుకోవడమన్న మొదటి అవసరం అక్కడే తలుపు తట్టింది.

ఆ తలుపు తీసేలోపు ఇంకో ఇబ్బంది ఎదురైంది. సావోలైనెన్ పనిచేసిన ఫోర్‌ఫ్రంట్ టెక్నాలజీస్ సంస్థ ఓఎస్ఎస్‌కు మరిన్ని కార్డులు చేర్చి, దాన్ని డబ్బుకు అమ్మడం మొదలుపెట్టింది. అందులో తప్పేమీ లేదు, పని చేసినవారికి బతుకుతెరువు ఉండాలి కదా. కానీ కెర్నెల్లో, అంటే లైనక్స్ కేంద్ర భాగంలో, ఉన్న ఉచిత రూపం, అంగట్లో ఉన్న రూపం రెండూ దూరమయ్యాయి. లైనక్స్ మనుషులకు నమ్మకం సడలింది. చెక్ దేశస్థుడు యారోస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే కార్డు కోసం రాసుకున్న డ్రైవర్ నుంచి 1998లో కొత్త ప్రయత్నం మొదలైంది. అదే అడ్వాన్స్‌డ్ లైనక్స్ సౌండ్ ఆర్కిటెక్చర్, అందరూ పిలిచే పేరు అల్సా. 2002లో అది ప్రయోగ దశలో ఉన్న కెర్నెల్లో చేరింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఓఎస్ఎస్ స్థానాన్ని తీసుకుంది. ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి. అల్సా పాత డీఎస్‌పీ ఫైలును పీకి పారేయలేదు. ఓఎస్ఎస్‌లా నటించే పొరను తనతో తెచ్చుకుంది. దాంతో పాత ప్రోగ్రాములు తమ కింద ఉన్నదంతా మారిందని తెలియకుండానే పనిచేశాయి. ఈ మర్యాద ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నా వాదనకు ఇదే మొదటి ఆధారం.

పంచుకునే సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది. శబ్దాలు కలపడం కెర్నెల్ పని కాదనేది లైనక్స్ కెర్నెల్ పెద్దల అభిప్రాయం. దశాంశ గణితం, వేగాల మార్పిడి వంటి లెక్కలన్నీ బయటి ప్రోగ్రాములే చూసుకోవాలని వాళ్ల పట్టు. అందుకని కార్డును తాను పట్టుకుని, మిగతా ప్రోగ్రాముల శబ్దాలను తానే కలిపి పంపే సౌండ్ సర్వర్లు వచ్చాయి. గ్నోమ్ డెస్క్‌టాప్ ఈసౌండ్ అనే సర్వర్‌ను వాడుకుంది. కేడీఈ డెస్క్‌టాప్ స్టెఫాన్ వెస్టర్‌ఫెల్డ్ రాసిన ఆర్ట్స్‌ను ఎంచుకుంది. ఒకే కార్డు కోసం ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నట్టయింది. కేడీఈ ప్రోగ్రాం, గ్నోమ్ ప్రోగ్రాం పక్కపక్కనే తెరిస్తే ఎవరో ఒకరు మూగబోయే సందర్భాలు వచ్చాయి. అల్సాలోనే డీమిక్స్ అనే కలిపే పద్ధతి వచ్చాక కొంత ఊరట దొరికింది. కానీ ఒక్కో ప్రోగ్రాం శబ్దాన్ని విడిగా తగ్గించుకోవడానికీ, పాట మధ్యలో దాన్ని హెడ్‌ఫోన్‌కు మళ్లించడానికీ అది చాలలేదు. గందరగోళం అన్న ఫిర్యాదు అత్యంత న్యాయంగా వర్తించేది ఈ దశకే.

సరిగ్గా ఆ రోజుల్లోనే రెండో వర్గం తన దారిన తాను నడిచింది. వీళ్లు సంగీతకారులు, స్టూడియో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. వీళ్లకు అడ్డు సౌండ్ కార్డు కన్నా కెర్నెల్. డిస్కు పనిలో మునిగినప్పుడు అప్పటి కెర్నెల్ పదుల మిల్లీసెకన్ల పాటు ప్రాసెసర్‌ను వదిలేది కాదు. ఇక ఒకటిన్నర మిల్లీసెకన్ల బఫర్ ఎలా నిలుస్తుంది? వీళ్లు ఆ ఆలస్యాలను కొలిచి, అంకెలతో కెర్నెల్ రాసేవాళ్ల ముందు పెట్టారు. ఇంగో మోల్నార్, ఆండ్రూ మోర్టన్ వంటివారు ఆ జాప్యాలను తగ్గించే ప్యాచ్‌లు రాశారు. కెర్నెల్‌ను నిజకాలానికి కట్టుబడేలా చేయాలన్న ఆ ప్రయాణం థామస్ గ్లైక్స్‌నర్ వంటివారి చేతుల మీదుగా ఇరవై ఏళ్లు సాగి, 2024 నవంబరులో విడుదలైన 6.12 కెర్నెల్లో పూర్తిగా చేరింది. పరిశ్రమల యంత్రాలను నడిపేవారికి కూడా ఇవాళ అది పనికొస్తోంది. మరోపక్క, అమెజాన్ తొలినాళ్లలో అక్కడ ప్రోగ్రామర్‌గా పనిచేసిన పాల్ డేవిస్ ఆర్డౌర్ అనే బహుళ ట్రాకుల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తలపెట్టారు. దాని లోపలి ఇంజిన్ నుంచే జాక్ అనే సర్వర్ పుట్టింది. జాక్‌లో ప్రోగ్రాములు తమకు వీలైనప్పుడు శబ్దం పంపవు. కార్డు అడిగినప్పుడల్లా జాక్ ఒక్కొక్కదాన్నీ వరసగా పిలుస్తుంది. పిలిచిన క్షణానే ప్రతి ఒక్కటీ తన వంతు లెక్క ముగించాలి. స్టూడియోలో తీగలు కలిపినట్టు ఒక ప్రోగ్రాం శబ్దాన్ని ఇంకో ప్రోగ్రాంలోకి పంపుకోవచ్చు. సమయపాలనకు అది గొప్ప సమాధానం. కానీ మామూలు డెస్క్‌టాప్‌లో అది ఒదగలేదు. ఒక్క ప్రోగ్రాం ఆలస్యం చేసినా అందరి శబ్దమూ తెగుతుంది. పైగా అంత తరచుగా ప్రాసెసర్‌ను లేపుతుంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలవదు.

అలా ఒకే వ్యవస్థలో రెండు లోకాలు తయారయ్యాయి. మామూలు వాడకందారుల లోకంలో అప్పుడు పెద్ద మార్పు తెచ్చినవారు జర్మనీకి చెందిన లెనార్ట్ పోటరింగ్. 2004లో ఆయన పోలిప్‌ఆడియో పేరుతో మొదలుపెట్టిన సర్వర్‌కు 2006లో పల్స్‌ఆడియో అని పేరు మారింది. 2007 నవంబరులో వచ్చిన ఫెడోరా 8, 2008 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 8.04 అనే లైనక్స్ పంపిణీలు దాన్నే ముందువరసలో పెట్టాయి. దాని ఆలోచన చాలా తెలివైనది. వీలైతే రెండు సెకన్లకు సరిపడా శబ్దాన్ని ఒకేసారి బఫర్‌లో నింపి ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వాలి. ఈలోగా కొత్త శబ్దం వచ్చినా, వాడకందారుడు వాల్యూం తగ్గించినా, ఇంకా మోగని భాగాన్ని వెనక్కి వెళ్లి తిరగరాయాలి. ఇది కుదరాలంటే కార్డు ఈ క్షణాన ఏ అంకె దగ్గర ఉందో డ్రైవర్ కచ్చితంగా చెప్పాలి. చాలా డ్రైవర్లు ఆ లెక్క తప్పు చెప్పేవి. అంతకుముందు ఎవరూ అంత కచ్చితంగా అడగకపోవడంతో ఆ తప్పులు బయటపడలేదు. పల్స్‌ఆడియో రాగానే ఎన్నో కంప్యూటర్లలో శబ్దం చిట్లింది, ఆగింది, కొన్నిచోట్ల పూర్తిగా మాయమైంది.

ఈ ఘట్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కంప్యూటర్‌లో పాట ఆగితే చూపున్నవారికి చికాకు, అంతే. తెర మీది మాటలను చదివి వినిపించే ఓర్కా వంటి సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన అంధులకు శబ్దం ఆగితే మొత్తం కంప్యూటరే చీకటైపోతుంది. శబ్దం మళ్లీ తెప్పించడానికి ఏ మీట నొక్కాలో కూడా వారికి వినిపించదు. అందుకని పక్వానికి రాని మార్పును లక్షలాదిమంది మీదకు వదలడం పంపిణీదారుల తప్పేనని నా నిశ్చితాభిప్రాయం. అయితే తప్పు వదిలిన తీరులో ఉంది. పల్స్‌ఆడియో బయటపెట్టిన డ్రైవర్ లోపాలు నిజమైనవి. డ్రైవర్ల కోడ్ తెరిచి ఉండబట్టి, సర్వర్ రాసినవారు, డ్రైవర్లు చూసుకునేవారు ఒకరి కోడ్ ఒకరు చదివి వాటిని ఒక్కొక్కటిగా సరిదిద్దారు. కొన్నేళ్లకు అదే పల్స్‌ఆడియో ఉన్నట్టే తెలియనంతగా కుదురుకుంది. సరైన కొలత చెప్పే డ్రైవర్లు లేకుండా తర్వాతి అడుగు పడేదే కాదు.

ఆ తర్వాతి అడుగు పైప్‌వైర్. దాన్ని రాసిన విమ్ టైమన్స్ బెల్జియం దేశస్థులు. అంతకుముందే జీస్ట్రీమర్ అనే మీడియా చట్రాన్ని తీర్చిదిద్దినవారిలో ఒకరు. రెడ్‌హ్యాట్ సంస్థలో ఉంటూ, కెమెరా దృశ్యాన్ని ఒకటికి మించిన ప్రోగ్రాములు పంచుకోవడం ఎలాగన్న ప్రశ్నతో బయల్దేరారు. 2017లో దానికి పైప్‌వైర్ అన్న పేరు ప్రకటించేనాటికి అదే పద్ధతిని శబ్దానికీ వర్తింపజేయాలన్న సంకల్పం కలిసింది. జాక్‌లో ఉన్న వరస పిలుపుల పద్ధతిని ఆయన తీసుకున్నారు, పల్స్‌ఆడియోలో ఉన్న పంపకం తీరును తీసుకున్నారు. బఫర్ పరిమాణం ఇంతేనని ముందే బిగించలేదు. సినిమా ఒక్కటే నడుస్తుంటే పెద్ద బఫర్, వాద్యం ప్రోగ్రాం వచ్చి చిన్నది కావాలని అడిగితే అప్పటికప్పుడు చిన్న బఫర్, అది వెళ్లిపోతే మళ్లీ పెద్దది. ఇన్నేళ్లూ రెండు లోకాలుగా ఉన్నవి ఇలా ఒకే ఇంట్లో చేరాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. పైప్‌వైర్ పల్స్‌ఆడియో భాష మాట్లాడుతుంది, జాక్ భాష మాట్లాడుతుంది, అల్సా భాష మాట్లాడుతుంది. ఆ మూడింటి కోసం రాసిన ప్రోగ్రాములు చాలావరకు ఒక్క అక్షరం మార్చకుండా దాని మీద నడుస్తాయి. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10 దాన్ని స్వీకరించాయి. 2023 నవంబరులో 1.0 విడుదలైంది. పల్స్‌ఆడియో నాటి రభస ఈసారి జరగలేదు. పాత భాషలన్నీ నేర్చుకుని రావడమే దానికి ప్రధాన కారణం.

ఇక అభ్యంతరాల సంగతి. మొదటిది బలమైనది. ఆపిల్ సంస్థ 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తో పాటు కోర్ ఆడియో తెచ్చింది. అందులో పంపకం, సమయపాలన రెండూ మొదటినుంచే ఉన్నాయి. ఒక్క సంస్థ అప్పటికే చేసినదాన్ని వేలమంది ఇంకో ఇరవై ఏళ్లకు చేస్తే అది ఏం గొప్ప అని అడగవచ్చు. ఆ ఘనతను ఒప్పుకోవాలి. కానీ ఆపిల్ తన సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్లను తానే తయారుచేస్తుంది. లైనక్స్ మాత్రం ఎవరో చేసిన కార్డుల మీద, తరచుగా తయారీదారు వివరాలు కూడా ఇవ్వని కార్డుల మీద నడవాల్సి వచ్చింది. అదే పరిస్థితిలో ఉన్న విండోస్‌ను చూడండి. అక్కడ డబ్బుకు, ఇంజినీర్లకు కొదవ లేదు, పెద్దదిక్కూ ఉంది. అయినా స్టూడియోవాళ్లు విండోస్ సొంత శబ్ద మార్గాన్ని పక్కనపెట్టి, 1997లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ తెచ్చిన ఏఎస్ఐఓ అనే వేరే దారి పట్టారు. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా కోసం మైక్రోసాఫ్ట్ తన శబ్ద వ్యవస్థను తిరగరాసింది. అంటే రెండు అవసరాల చీలిక అక్కడా ఉంది. దాన్ని తెరిచిన కోడ్ మీదకు నెట్టడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం ఓపెన్ సోర్స్ లోకంలోంచే వస్తుంది. లైనక్స్ లాంటిదే అయిన ఫ్రీబీఎస్‌డీ అనే వ్యవస్థ ఇప్పటికీ ఓఎస్ఎస్ పద్ధతినే ఉంచుకుంది, శబ్దాలను కెర్నెల్లోనే కలుపుతుంది. అలాంటిదే మరొకటి, ఓపెన్‌బీఎస్‌డీ, సండ్‌ఐఓ అనే చిన్న సర్వర్‌తో సరిపెట్టుకుంది. మరి లైనక్స్ ఇంత తిప్పలు ఎందుకు పడాలి? నిరాడంబరత విలువైనదే, ఆ వ్యవస్థలు వాడేవారికి అది చాలు కూడా. కానీ లైనక్స్ మీద పడిన బరువు వేరు. బ్లూటూత్, వీడియో సమావేశాలు, తెర పంచుకోవడం, ఆటలు, రికార్డింగ్ అన్నీ ఒకే యంత్రంలో సాగాలని దాన్ని వాడేవారు కోరారు. అవసరం పెద్దదైనప్పుడు సమాధానం చిన్నదిగా ఉండలేదు.

మూడో అభ్యంతరం డబ్బుది. చివరికి సమస్య తీర్చింది రెడ్‌హ్యాట్ జీతమే కదా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొప్పతనం ఏముందంటారు. జీతం లేకుండా ఇలాంటి పని ఏళ్ల తరబడి సాగదన్నది నిజం. కెర్నెల్లోని శబ్ద విభాగాన్ని ఎన్నో ఏళ్లుగా చూసుకుంటున్న తకాషి ఇవాయ్ కూడా సూసే సంస్థ ఉద్యోగే. పాల్ డేవిస్ ఆర్డౌర్‌ను వాడకందారుల చందాలతో నిలబెట్టుకున్నారు. డబ్బు ఎక్కడినుంచి వచ్చినా, ఆ పని ఫలితం ఎవరి బీరువాలోనూ తాళం పడలేదు. ఓఎస్ఎస్ రెండుగా చీలినప్పుడు ఏం జరిగిందో చూశాం. మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. 2007లో ఫోర్‌ఫ్రంట్ తన కోడ్‌ను తెరిచింది, కానీ అప్పటికే లైనక్స్ లోకం ముందుకు వెళ్లిపోయింది. జాక్, పల్స్‌ఆడియోల కోడ్ మొదటినుంచీ తెరిచి ఉంది. అందుకే వాటి మూలసూత్రాలను మూడో మనిషి చదివి, కలిపి, కొత్త ఇల్లు కట్టగలిగాడు. ఒకే చరిత్రలో రెండు ఫలితాలూ పక్కపక్కనే ఉన్నప్పుడు వేరే రుజువు వెతకనక్కర్లేదు.

ఈ చరిత్ర లాభం డెస్క్‌టాప్‌తో ఆగిపోలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లు లైనక్స్ కెర్నెల్ మీదే నడుస్తాయి. వాటిలో చాలావాటి అడుగు పొరలో ఉన్నది అల్సానే. మన ఊళ్లలో చేతిచేతికీ ఉన్న ఆ ఫోన్లలో మోగే పాట ఒకప్పుడు ఒక చెక్ యువకుడు తన కార్డు కోసం మొదలుపెట్టిన పనికి రుణపడి ఉంది. తెలుగుకు నేరుగా దక్కిన ఫలం కూడా ఉంది. రాసిన తెలుగును చదివి వినిపించే గొంతు ఈస్పీక్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫెస్టివల్‌కు జోడించిన తెలుగు గొంతూ ఉంది. యంత్రపు యాస ఇంకా పోలేదు, ఉచ్చారణ మెరుగుపడాలి. కానీ దాన్ని మెరుగుపరచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెలుగు ధ్వనిశాస్త్రం తెలిసిన అధ్యాపకులూ, ప్రోగ్రాం రాయడం వచ్చిన విద్యార్థులూ దాని ఉచ్చారణ నియమాల ఫైలు ఈ రోజే తెరిచి చదవవచ్చు, దిద్దవచ్చు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మన విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, ప్రభుత్వ శాఖలు శబ్దానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ తయారుచేయించేటప్పుడు ఇతర ప్రోగ్రాములతో అది ఎలా మాట్లాడుతుందో బహిరంగంగా రాసి పెట్టించాలి, కోడ్ తెరిచి ఉంచమని ఒప్పందంలోనే అడగాలి. ఇవాళ చేసిన పని పదేళ్లకు పాతబడుతుంది, అది తప్పదు. దాని స్థానంలో వచ్చేవారు దాన్ని చదువుకుని, దాని భాష నేర్చుకుని వస్తే వాడకందారుడికి ఒక్క రోజు కూడా శబ్దం ఆగదు. పైప్‌వైర్ విషయంలో అది సాధ్యమైంది, కాబట్టి మన విషయంలోనూ సాధ్యమే.